తలగడ ఎత్తున

డిసెంబరు రెండో వారం.
బల్లార్షాల ఇది మంచు కాదు, పొగే.
క్వార్టర్ల ముంగట సిగిళ్ళు రాజేసి
బొగ్గు ఎర్రబడ్డంక లోపలికి తెచ్చుకుంటం.
ఎర్రబొగ్గుకు పొగ ఉండదు గద,
పొగ లేనిది మంచిదే గద, అని.

అట్లనే తెచ్చుకున్నడు ఎనక లైన్ల బాబారావు.
చలికి తలుపు సందుల గోనెసంచి కుక్కిండు.
తెల్లారి పాలపిల్లగాడు మూడుసార్లు పిలిచిండు.
ఆయన, పెండ్లాం, కాళ్ళకాడ పండిన కుక్కపిల్ల.
బుగ్గలు మాత్రం ఎర్రగ, అప్పుడే ఎండల నుంచి వచ్చినట్టు.
నిద్రల పోయిండ్రు, పుణ్యాత్ములు, అన్నరు అందరు.
మా నాయిన ఒక్కడే అనలేదు.
ఇంటికొచ్చి మా కిటికీ మేకు పీకిండు.

చాందాల వైరాగడే సేటు దుకాణం.
మొదలు ఒక తెల్లటి గుండ్రని డబ్బా చూపిండు.
పొగను పసిగడ్తదట.
పొగకు నా ముక్కు చాలు సేటూ, అన్న.
రెండోది సిలిండరుది, వంటింటి గోడకు గుచ్చేది.
"గ్యాస్ అంటే గ్యాసే గద తాయీ."
కాదు. అది వాసనొస్తది,
వాసనొచ్చేదాన్ని తిట్టుకుంట తలుపన్న తీస్తం.
నాకు వాసన రానిదాని పేరు చెప్పేది కావాలె.

పై అర మీదికెళ్ళి మూడోది దింపిండు, దుమ్ము ఊది.
అరచేతంత. తీగ లేదు, రెండు సెల్లులు.
మంచిది, మా దగ్గర కరెంటు
సిగిడి రాజేసిన రాత్రులే చూసి పోతది.
సిగిడి ఒక్కతాన ఉండదు:
పొద్దుమూకి నాయిన అర్రల,
అర్ధరాత్రి బాలింత మంచం కాడ,
చిన్నోనికి పరీక్షలుంటే వాని పుస్తకాల పక్కన.
అది యాడికి పోతే ఇది ఆడికి పోవాలె.

అద్దం మీద అంకె కనవడాలె, అన్న.
పానం పోయే కాడ మొత్తుకునుడు కాదు,
తలనొప్పి కాకముందే చెప్పాలె.
డబ్బా తిప్పి చూసిన.
లోపలి ముక్కుకు ఏడేండ్ల ఆయుష్షని రాసుంది,
నాలుగేండ్లు ఈ అర మీదనే గడిచిపోయినయి.
కొత్తది తెప్పించు సేటూ, ఆగుతం.
ఛాయ్ రెండుసార్లు వచ్చింది. పిల్లగాడు గోదాముకు పోయొచ్చిండు.
నాయిన పింఛనీల సగం ధర.

"గుండీ ఒత్తు" అన్నడు నాయిన.
సేటు ఒత్తిండు.
దుకాణమంత చెవులు మూసుకుంది,
రోడ్డు మీద పోయే ఆటో ఆగి చూసింది.
నాయిన చెవికాడ చెయ్యి పెట్టుకొని నవ్వుకుంట
"ఒత్తవేందివయ్యా" అన్నడు.

బాయిల ముప్పయ్యొక్క ఏండ్ల తూటాలు
సన్న చప్పుళ్ళు అన్నిటినీ తినేసినయి.
లారీ వినవడ్తది. తిట్టు వినవడ్తది.
ఈల వినవడదు.

తిరుగు బస్సుల డబ్బా ఒళ్ళె పెట్టుకొని చెప్పిండు,
ఎన్నడూ చెప్పనిది.
రెస్క్యూ జట్టుల ముందు నడిచేది తనేనట,
చేతుల పంజరం, పంజరంల మునియా పిట్ట.
గాలి చెడితే మనిషికన్న ముందు అది తూలేది.
"చచ్చినయా నాయినా?"
చానాసేపటికి, రైలు గేటు కాడ అన్నడు:
"ఒక్కటి.
వాటికి పేర్లు పెట్టనిచ్చేది కాదు మేస్త్రి."

ఇంటికొచ్చి టేపు ముక్క మీద తేదీ రాసి అంటిచ్చిండు,
దీపాల గదిల రాసినట్టు, గుండ్రటి అక్షరాలల్ల.
యాడ పెట్టాలన్న దానికి కొట్లాట.
అటక మీద అంటది అమ్మ. కిటికీల అంటడు చిన్నోడు.
నాయిన చాప పరిచి పండుకొని చూపెట్టిండు:
"ముక్కు ఈడుంటది. ఇది గూడ ఈడుండాలె."
కానీ తన పక్కన వద్దన్నడు.
నా తలగడ పక్కన పెట్టిండు, వినేదాన్ని నేనే గనుక.

రాత్రి రెండింటికి లేస్తడు.
కిటికీ నాలుగేళ్ళ సందు ఉందా అని తడుముతడు,
డబ్బాను కండ్ల దగ్గరికి తెచ్చుకుంటడు.
"సున్నా" అంటడు, తనకు వినవడేటంత గట్టిగ.
బాలింత కదుల్తది, పిల్ల ఏడుస్తది.
నేను పండుకున్నట్టే ఉంట.